కుక్క కరిచిన పూట ఏం చేయాలి? సూదుల గది నుంచి ఒక నర్సు చెప్పే మాటలు

కుక్క కరిస్తే ముందు బండి తీయకండి, ఫోన్ తీయకండి. కుళాయి దగ్గరికి వెళ్ళండి. సబ్బు పెట్టి గాయాన్ని 15 నిమిషాలు కడగండి. కడిగాక అదే పూట ఆసుపత్రికి రండి. ఇంకేమీ చదివే ఓపిక లేకపోతే ఈ రెండు పనులు గుర్తుపెట్టుకోండి, చాలు. ఓపిక ఉంటే మిగతాది కూడా చదవండి. కుక్కకాటుతో వచ్చే రేబిస్ అనే పిచ్చికుక్క జబ్బులో ప్రాణాలు పోయేది చాలావరకు మందు లేక కాదు. గాయం చిన్నదని వదిలేయడం వల్ల, సగం సూదులతో ఆపేయడం వల్ల, ఇంట్లో చెప్పడానికి భయపడటం వల్ల పోతున్నాయి.

నేను ప్రకాశం జిల్లాలో ఒక సామాజిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. చాలా ఏళ్ళుగా కుక్కకాటు సూదులు వేసే బల్ల నాదే. సోమవారం పొద్దున ఓపీ చీటీలు పట్టుకుని వరండా నిండా జనం ఉంటారు. శని, ఆదివారాల్లో కరిచిన కాట్లన్నీ ఆ రోజే వస్తాయి. నా ఆవేదనంతా అక్కడే. శనివారం సాయంత్రం కరిస్తే శనివారం రాత్రే రావాలి. ఓపీ మూసేసినా క్యాజువాలిటీ తెరిచే ఉంటుంది. కుక్కకాటు అత్యవసరమే, సోమవారం దాకా ఆగాల్సిన పని కాదు.

ఎంత పెద్ద సమస్యో రెండు ముక్కల్లో చెబుతాను. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు 2022–23లో 15 రాష్ట్రాల్లో ఇంటింటి సర్వే చేశారు. దాని ప్రకారం మన దేశంలో ఏటా దాదాపు 91 లక్షల జంతుకాట్లు జరుగుతున్నాయి, 5,700కు పైగా మనుషులు రేబిస్‌తో చనిపోతున్నారు. కుక్క కరిచినవాళ్ళలో ప్రతి ఐదుగురికి ఒకరు అసలు టీకానే వేసుకోలేదు. ఉచితంగా దొరికే టీకాని!

కడగడం: అందరూ తేలిగ్గా తీసుకునే పని

"కడుక్కొచ్చారా?" అని అడిగితే "ఆ, కడిగాం సిస్టరమ్మా" అంటారు. ఎంతసేపు అంటే చెంబెడు నీళ్ళు పోశామంటారు. అది కడగడం కాదు, తడపడం. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. నెయ్యి గిన్నెని వట్టి నీళ్ళతో కడిగితే జిడ్డు ఎలా వదలదో ఇదీ అంతే, సబ్బు పడితేనే ఆ పొర కరిగి వైరస్ చస్తుంది. అందుకే సబ్బు తప్పనిసరి. ఒంటి సబ్బైనా బట్టల సబ్బైనా పరవాలేదు, దేనికోసమూ వెతుక్కుంటూ కూర్చోవద్దు. కుళాయి నీళ్ళ ధార గాయం మీద పడుతూ ఉండాలి. కుళాయి లేకపోతే ఒకరు చెంబుతో పోస్తూ ఉంటే ఇంకొకరు కడగాలి. పొలంలో ఉంటే మోటారు దగ్గర కడగండి. పళ్ళు దిగిన చోట లోపలికి నీళ్ళు వెళ్ళేలా కడగాలి, కానీ గరుకు గుడ్డతో రుద్దకండి, పిండకండి. రక్తం కొద్దిగా కారుతుంటే కారనివ్వండి. ధారగా చిమ్ముతుంటే మాత్రం శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.

15 నిమిషాలంటే చిన్నపిల్లలకి చాలాసేపు. ఏడుస్తారు, గింజుకుంటారు. వాళ్ళ చేతికి ఫోన్ ఇచ్చి వాళ్ళకి ఇష్టమైన పాటలు పెట్టండి. నాలుగు పాటలు అయ్యేసరికి మీ పని అయిపోతుంది. కంట్లోనో నోట్లోనో చొంగ పడితే సబ్బు వద్దు, మంచినీళ్ళతోనే బాగా కడగండి.

కడిగాక ఇంట్లో బెటాడిన్ ఉంటే పూయండి, లేకపోతే ఏమీ పూయకండి. కట్టు కట్టకండి. ఇక గాయం మీద పెట్టకూడనివి ఏమిటంటే, ఈ బల్ల దగ్గర నేను చూసినవే చెబుతాను: కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, ఉప్పు, ఆకు పసరు. కారం పెడితే వైరస్ చావదు. గాయం మండి, కండ రేగి, లోపలి నరాలకి దారి ఇంకా తెరుచుకుంటుంది. పైగా ఆ కారమంతా కడిగి తీసేసరికి ఆ పిల్లవాడికి రెండోసారి నరకం.

పసరు గురించి ఇంకొక్క మాట. "పక్క ఊళ్ళో ఒకాయన మందు పోస్తాడు, ఎంతోమందికి నయమైంది" అని మా ఊళ్ళలో ఇప్పటికీ చెబుతారు. కరిచిన కుక్కలన్నీ పిచ్చివి కావు. చాలా కుక్కలకి రేబిస్ ఉండదు. ఆ కుక్కలు కరిచినవాళ్ళు పసరు తాగినా తాగకపోయినా బతికేవాళ్ళే. ఆ పేరు పసరుకి వచ్చింది. నిజంగా పిచ్చికుక్క కరిచినవాడు పసరు నమ్ముకుని చనిపోతే, నెలలు గడిచాక జరుగుతుంది కాబట్టి ఆ లెక్క ఎవరూ పసరు ఖాతాలో రాయరు.

తొందర ఎందుకంటే

రేబిస్ వైరస్ రక్తంలో తిరగదు. కాటు దగ్గర కండలో కొంతకాలం ఉండి, అక్కడి నరంలోకి ఎక్కి, నరం వెంట మెల్లగా పైకి, మెదడుకి పోతుంది. ఈ ప్రయాణానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. వారంలోనూ కావచ్చు, ఏడాది దాటీ కావచ్చు. ముఖం, మెడ, తల మీద కాటైతే దారి దగ్గర. వేళ్ళ మీద కాటైతే అక్కడ నరాలు ఎక్కువ. మెదడుకి చేరకముందే దాన్ని పట్టుకుంటే మనిషికి ఏమీ కాదు. చేరాక మాత్రం ఏ ఆసుపత్రిలోనూ నమ్మకమైన వైద్యం లేదు. ప్రపంచం మొత్తం మీద లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.

లక్షణాలు ఎలా మొదలవుతాయో కూడా తెలిసి ఉండాలి. ఎప్పుడో మానిపోయిన కాటు దగ్గర తిమ్మిరి, దురద, మంట వస్తుంది. జ్వరం, తలనొప్పి, దిగులు ఉంటాయి. తర్వాత నీళ్ళు తాగబోతే గొంతు బిగుసుకుపోతుంది. ఆ బాధకి నీళ్ళని చూస్తేనే మనిషి వణికిపోతాడు. ఫ్యాను గాలి తగిలినా అంతే. కొందరిలో ఇవేమీ లేకుండా కాళ్ళూ చేతులూ పడిపోతూ వస్తాయి. మా దగ్గరికి ఒకసారి నడివయసు రైతు వచ్చాడు. మంచినీళ్ళ గ్లాసు ఇస్తే పక్కకి తోసేశాడు. అంతకుముందు ఎప్పుడో పిల్లకుక్క పన్ను తగిలిందనీ, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర టీటీ వేయించుకుని ఊరుకున్నామనీ ఆయన భార్య చెప్పింది. గుంటూరు పంపించాం. ఆయన తిరిగి రాలేదు.

అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. టీటీ సూది ధనుర్వాతానికి. అది కూడా అవసరమే, కానీ దానితో రేబిస్ ఆగదు. "సూది వేయించాం" అని ఎవరైనా అంటే "ఏ సూది?" అని అడగండి.

గాయాన్ని ఎలా చూడాలి

మేము కాట్లని మూడు రకాలుగా చూస్తాం. కుక్కని తాకారు, అన్నం పెట్టారు, చీలిక లేని చర్మం మీద నాకింది అంటే మొదటి రకం. బాగా కడుక్కుంటే చాలు, సూదులు అక్కర్లేదు. రక్తం రాకుండా గోరు గీరితే, పన్ను చర్మాన్ని కొంచెం నొక్కి గీసుకుపోతే రెండో రకం. టీకా కావాలి. చర్మం లోపలికి పన్ను దిగినా, రక్తపు చుక్క కనబడినా, ముందే ఉన్న పుండు మీద నాకినా, కంట్లో నోట్లో చొంగ పడినా మూడో రకం. దానికి టీకాతో పాటు ఇంకో మందు కూడా కావాలి. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

చూడాల్సింది గాయం ఎంత పెద్దదని కాదు, చర్మం తెగిందా లేదా అని. ప్యాంటు చిరగకపోయినా లోపల పన్ను దిగి ఉండవచ్చు. బట్ట తీసి పగటి వెలుతురులోనో ట్యూబులైటు కిందో చూడండి. చిన్నపిల్లలకి తల మీద జుట్టు పాయలు తీసి మరీ చూడండి. "గోరే కదా సిస్టరమ్మా, పన్ను కాదు" అని చాలామంది అంటారు. కుక్క, పిల్లి తమ పాదాలు నాక్కుంటూనే ఉంటాయి. గోటికీ చొంగ అంటుకునే ఉంటుంది.

ఇక ఏ జంతువు అనేది చూద్దాం. మన దేశంలో రేబిస్ ఎక్కువగా వచ్చేది కుక్క నుంచే. పెంపుడు కుక్క, దానికి టీకాలు వేయించాం అన్నా రండి. డాక్టరు ఆ కార్డు చూసి చెబుతారు. నెల, రెండు నెలల పిల్లకుక్క కదా అని వదలొద్దు, దానికి తల్లి నుంచో వేరే కుక్క నుంచో అంటి ఉండవచ్చు. పిల్లికాటుకీ, కోతికాటుకీ, ముంగిస, నక్క కాట్లకీ ఇదే వైద్యం. శ్రీశైలం, తిరుమల వెళ్ళినవాళ్ళు కోతి చేతిలోని సంచీ లాక్కోబోయి గీరించుకుని, దర్శనం చూసుకుని, ఊరికి తిరిగొచ్చాక మా దగ్గరికి వస్తారు. ఆగకండి, అక్కడే ఆసుపత్రిలో మొదటి సూది వేయించుకోండి. మిగతావి మా దగ్గర వేస్తాం. ఎలుక, ఉడుత, కుందేలు కాట్లకి మామూలుగా ఈ సూదులు అవసరం పడవు. అయినా గాయం కడిగి డాక్టరుకి చూపించండి.

పశువుల విషయం రైతులకి ప్రత్యేకంగా చెప్పాలి. బర్రె మేత మానేసి, నోటి నుంచి చొంగ కారుస్తూ, గొంతు మారిపోయి అరుస్తుంటే గొంతులో ఏదో ఇరుక్కుందనుకుని రైతు చెయ్యి లోపలికి పెట్టి వెతుకుతాడు. ఆ పని చేయకండి. రేబిస్ వచ్చిన పశువు సరిగ్గా అలాగే ఉంటుంది. ముందు పశువుల డాక్టరుని పిలవండి. ఇప్పటికే చెయ్యి పెట్టి ఉంటే, చేతి మీద ఎక్కడైనా గీత, కోత, పుండు ఉంటే అది కాటు కిందే లెక్క.

ఇలా ఒక బర్రె చనిపోతే దాని పాలు తాగినవాళ్ళంతా, పాలు పోయించుకున్న వీధి వీధంతా ఆటోలో దిగుతారు. వాళ్ళ టెన్షన్ చూస్తే జాలేస్తుంది. కాచిన పాలతో, కాచిన పాలు తోడేసిన పెరుగుతో రేబిస్ రాదు. మనం ఇళ్ళలో పాలు పొంగేదాకా కాస్తాం, ఆ వేడికి వైరస్ నిలవదు. పచ్చిపాలు తాగినవాళ్ళుంటే వాళ్ళు విడిగా డాక్టరుతో మాట్లాడండి. అంతేగానీ వీధంతా సూదులు వేయించుకుంటే, ఆ రోజు నిజంగా కాటు తిని వచ్చినవాడికి మందు అందకపోవచ్చు.

మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందా అని కూడా అడుగుతారు. రేబిస్‌తో చనిపోయిన మనిషి కంటిపొర, కిడ్నీ వంటివి ఇంకొకరికి అమర్చినప్పుడు సోకిన సంఘటనలు ఉన్నాయి. మామూలుగా పక్కన కూర్చుంటే, చెయ్యి పట్టుకుంటే రాదు. సేవ చేసినవాళ్ళ కంట్లోనో, పుండు మీదనో రోగి చొంగ పడితే మాత్రం టీకా వేసుకోవాలి. ఆ ఇంటిని ఊరు వెలివేయాల్సిన పని ఏమాత్రం లేదు. చావు జరిగిన ఇంటికి మనుషులు రాకపోతే అది ఇంకో దుఃఖం.

సూదులు: ఎన్ని, ఎప్పుడు, ఎక్కడ

ముందు పాత భయం పోగొట్టాలి. "బొడ్డు చుట్టూ 14 సూదులు" అని పెద్దవాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో తయారు చేసిన టీకా అది. గొర్రె మెదడు నుంచి తీసేవారు. పొట్ట మీద రోజుకొకటి చొప్పున వేసేవారు, నొప్పీ ఎక్కువే, కొందరికి పక్షవాతం లాంటి దుష్ఫలితాలూ వచ్చేవి. 2004 చివరికి మన దేశంలో దాన్ని పూర్తిగా ఆపేశారు. ఇప్పుడు వేసేది ప్రయోగశాలలో కణాల మీద పెంచిన టీకా, మన హైదరాబాద్ కంపెనీలు కూడా తయారు చేస్తున్నాయి. పొట్ట జోలికి ఎవరూ పోరు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మం పొరల్లోకి వేస్తాం. రెండు భుజాలకీ చెరొకటి, ఒక్కోటి 0.1 మిల్లీలీటరు. సరిగ్గా పడితే అక్కడ చిన్న బుడిపె లేస్తుంది, నారింజ తొక్క మీద ఉన్నట్టు చుక్కలు కనబడతాయి. అలా బుడిపె రాకపోతే అడగండి, మళ్ళీ వేయాలి. మొదటి సూది పడిన రోజుని సున్నా అనుకుంటే ఆ తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు రావాలి. ఈ "సున్నా" లెక్క దగ్గర అందరూ తికమక పడతారు కాబట్టి తేదీలతో చెబుతాను. ఒకటో తారీకున మొదటిది పడితే 4న, 8న, 29న మిగతావి. ప్రైవేటులో ఎక్కువగా కండలోకి వేస్తారు, అప్పుడు ఒక్కో విడతకి ఒకే సూది, ఐదు విడతలు: 1, 4, 8, 15, 29 తేదీల్లో. రెండూ సమానంగా పనిచేస్తాయి. పెద్దవాళ్ళకి భుజానికి, బాగా చిన్నపిల్లలకి కండలోకైతే తొడ పక్కన వేస్తారు. పిరుదు మీద ఈ టీకా వేయకూడదు. అక్కడ కొవ్వు ఎక్కువ, టీకా సరిగ్గా పనిచేయదు. ఎవరైనా అక్కడ వేయబోతే ఆపండి.

నాలుగో విడతకి చాలామంది రారు. గాయం మానిపోయింది, కూలి పోతుంది, బస్సు చార్జీ దండగ అనుకుంటారు. మొదటి సూదులు శరీరాన్ని పోరాటానికి లేపుతాయి, చివరిది ఆ శక్తిని నిలబెడుతుంది. ఫోన్‌లో నాలుగు తేదీలకీ అలారం పెట్టుకోండి. తేదీ తప్పితే మొత్తం మళ్ళీ మొదటినుంచి వేయాలేమోనన్న భయంతోనో, తిడతామన్న భయంతోనో మానేయకండి. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగిస్తాం. ఊరు మారినా ఇబ్బంది లేదు, చీటీ చూపిస్తే ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా వేస్తారు.

గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, నెలల పిల్లలకి, ముసలివాళ్ళకి అందరికీ ఈ టీకా వేయవచ్చు. ప్రాణాంతకమైన జబ్బు కాబట్టి వద్దనడానికి కారణమే లేదు. క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్లు వాడేవాళ్ళు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి, వాళ్ళకి వైద్యం కొంచెం మారుతుంది. పథ్యం గురించి రోజూ అడుగుతారు. వంకాయ, గోంగూర, కోడికూర, చేపలు అన్నీ తినండి. బాలింతరాలికి, కాటు తిన్న కూలీకి తిండి మాన్పించి నీరసపరచకండి.

ఇంతకుముందు ఎప్పుడైనా కోర్సు పూర్తి చేసి ఉంటే, మళ్ళీ కరిచినప్పుడు రెండే విడతలు, సున్నా రోజున, 3వ రోజున. కాబట్టి పాత చీటీ పారేయకండి. రేషన్ కార్డు, ఆధార్ పెట్టిన కవర్‌లోనే దాన్నీ పెట్టండి.

గాయంలో వేసే మందు

నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే. రక్తం వచ్చిన కాటుకి టీకా ఒక్కటే చాలదు. టీకా వేశాక మన ఒంట్లో రక్షణ తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆలోపు వైరస్ నరంలోకి ఎక్కితే ఏం చేయాలి? ఆ ఖాళీ రోజుల్లో కాపలా కాయడానికి తయారుగా ఉన్న రక్షణ పదార్థాన్నే నేరుగా గాయంలో, గాయం చుట్టూ పెడతాం. దాని పేరు ఇమ్యునోగ్లోబ్యులిన్. ఆసుపత్రిలో "ఇగ్" అనో "సీరం" అనో అంటాం. గుర్రం నుంచి తీసింది, మనిషి నుంచి తీసింది రెండు రకాలున్నాయి. ఇప్పుడు ల్యాబులో తయారైన మోనోక్లోనల్ యాంటీబాడీ కూడా వచ్చింది.

మోతాదు బరువుని బట్టి ఉంటుంది. గుర్రం నుంచి తీసినదైతే కిలోకి 40 యూనిట్లు, మనిషిదైతే 20. 15 కిలోల పిల్లకి మొదటి రకం 600 యూనిట్ల దాకా పడుతుంది. అందుకే పిల్లల బరువు అడుగుతాం, తెలియకపోతే అక్కడే తూస్తాం. దీన్ని గాయంలోనే పెట్టాలి. భుజానికో తొడకో వేసేస్తే పెద్దగా ఉపయోగం లేదు. పళ్ళు దిగిన ప్రతి చోటా సూదితో లోపలికి పోయాలి. ఒళ్ళంతా కాట్లుంటే సెలైన్‌తో పలచన చేసి అన్నింటికీ సరిపెడతాం. వేలి చివర, ముక్కు, పెదవి మీద అయితే నొప్పి బాగా ఉంటుంది. పిల్లవాడి ఏడుపు చూసి "వద్దులే సిస్టరమ్మా, భుజానికి వేసింది చాలు" అని తల్లిదండ్రులు నా చెయ్యి పట్టుకుంటారు. ఆ చెయ్యి నేను వదిలించుకుంటాను. ముఖం మీద కాటుకి ఈ మందు వదిలేస్తే టీకా ఇచ్చే రక్షణ సమయానికి అందకపోవచ్చు. మీరు పిల్లవాడిని గట్టిగా పట్టుకుని ధైర్యం చెప్పండి, నన్ను నా పని చేయనివ్వండి. ఐదు నిమిషాల ఏడుపు అది.

ఈ మందు మొదటి టీకా రోజే పెట్టాలి. ఆ రోజు దొరకకపోతే మొదటి టీకా నుంచి 7 రోజుల లోపు పెట్టవచ్చు. ఆ తర్వాత పెట్టినా లాభం లేదు, ఎందుకంటే అప్పటికి సొంత రక్షణ మొదలవుతుంది. చిన్న కేంద్రాల్లో ఇది అన్నివేళలా ఉండదు. అలాంటప్పుడు టీకా అక్కడే వేయించుకుని, రక్తం వచ్చిన కాటు కాబట్టి సీరం ఎక్కడ దొరుకుతుందో చీటీ మీద రాయించుకుని, అదే రోజు జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి తెలిసినవే. వేసుకున్నాక అరగంట ఆసుపత్రిలోనే కూర్చోండి, దద్దుర్లు, ఆయాసం వస్తే మేము చూసుకుంటాం. ఇంకొకటి, గాయానికి వెంటనే కుట్లు వేయించకండి. కుట్టే సూది వైరస్‌ని లోపలి నరాల దాకా తీసుకుపోతుంది. తప్పనిసరైతే సీరం పెట్టాక, వదులుగా వేస్తారు.

ఆ కుక్కని ఏం చేయాలి

చంపకండి. చొంగలో వైరస్ ఉన్న కుక్క కొద్ది రోజుల్లోనే జబ్బుపడి చచ్చిపోతుంది. కరిచిన కుక్క 10 రోజుల తర్వాత కూడా తింటూ తిరుగుతూ ఉంటే, కరిచిన రోజున దాని చొంగలో వైరస్ లేనట్టే. అప్పుడు మిగతా సూదుల సంగతి డాక్టరు నిర్ణయిస్తారు. కుక్కని ఆ రోజే కొట్టి చంపి పాతేస్తే ఈ సమాచారం మనకి లేకుండా పోతుంది. కానీ ఈ 10 రోజుల లెక్క కుక్కకీ పిల్లికీ మాత్రమే. పది రోజులు చూసి అప్పుడు సూదికి వెళదాం అనుకోవడం మాత్రం ప్రమాదం. సూదులు ఈ రోజే మొదలవ్వాలి, గమనించడం పక్కన జరుగుతూ ఉంటుంది.

మీ ఇంటి కుక్కకి మూడు నెలల వయసులో టీకా వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయిస్తూ ఉండండి. జూలై 6న పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన పారిస్‌లో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా ఇప్పించాడు. వీధి కుక్కల విషయంలో పంచాయతీనో మున్సిపాలిటీనో అడగాల్సింది పట్టి తీసుకుపోయి ఎక్కడో వదిలేయమని కాదు, టీకా వేసి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి అదే చోట వదలమని. నూటికి 70 కుక్కలకి టీకా పడితే ఆ ఊళ్ళో వాటి మధ్య రేబిస్ నిలవదు. కొత్త ప్రాంతంలో వదిలిన కుక్క బెదిరి ఇంకా ఎక్కువ కరుస్తుంది.

పిల్లలు చెప్పాలంటే

మన దగ్గర కాట్లలో చాలా భాగం పిల్లలవి. వాళ్ళ ఎత్తుకి కాటు ముఖానికీ మెడకీ తగులుతుంది. కానీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది వాళ్ళు దాచడం. "కుక్క దగ్గరికి ఎందుకు వెళ్ళావు?" అని రెండు దెబ్బలు పడతాయని, సూది వేస్తారని దాస్తారు. చొక్కా చేతులు కిందకి లాక్కుని తిరుగుతారు. రోజులు గడిచాక స్నానం చేయిస్తుంటే అమ్మమ్మ కంట్లో పడుతుంది. మీ పిల్లలకి ఇవాళే ఈ మాట చెప్పండి: "కుక్క, పిల్లి, కోతి ఏది కరిచినా, గీరినా నాతో చెప్పు నాన్నా, కొట్టను." చెప్పాక నిజంగానే కొట్టకండి. ఒక్కసారి కొడితే తర్వాతి కాటు మీకు తెలియదు. బడి టీచర్లూ ప్రార్థన సమయంలో ఈ మాట చెబితే మంచిది.

కుక్క మీదికి వస్తే పరిగెత్తొద్దని, కదలకుండా నిలబడి, దాని కళ్ళలోకి చూడకుండా చేతులు దగ్గరికి ముడుచుకోమని నేర్పండి. కింద పడితే ముడుచుకుని ముఖం, మెడ చేతులతో కప్పుకోవాలి. తింటున్న కుక్కనీ, పిల్లలు పెట్టిన కుక్కనీ ముట్టుకోకూడదు.

చివరగా, ఇది చదువుతూ "నెల క్రితం కుక్క పన్ను తగిలింది, ఊరుకున్నాను" అని గుర్తొచ్చినవాళ్ళు తప్పకుండా ఉంటారు. మీకే ఈ మాట. ఆలస్యమైందని సిగ్గుపడొద్దు, ఇప్పుడేం లాభం అనుకోవద్దు. లక్షణాలు రానంతవరకు దారి తెరిచే ఉంది. పాత కాటునీ ఈ రోజు కరిచినట్టే చూస్తాం. టీకా ఈ రోజు నుంచే మొదలుపెడతాం, అప్పుడు రక్తం వచ్చి ఉంటే సీరం కూడా పెడతాం. కరిచిన తేదీ, ఏ జంతువు, అది ఇప్పుడు బతికి ఉందా లేదా, ఇప్పటిదాకా ఏ సూదులు పడ్డాయి అన్నవి ఒక కాగితం మీద రాసుకుని ఆసుపత్రికి రండి. ఓపీ మూసేస్తే క్యాజువాలిటీలో చూపించండి.